బొటనవేలికి రబ్బరు బ్యాండు

మా ఆయన బొటనవేలికి రబ్బరు బ్యాండు ఎక్కిన సంగతి ఊళ్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. అందులో నా గొప్పేమీ లేదు. తెర ముందు కూర్చుని ఆయన తోలుబొమ్మలు ఆడిస్తుంటే, ఆ వెనకే కూర్చుని కంచు పలకల గెందేర్ వాయించేది నేను. పెళ్లయిన దగ్గరనుంచీ నేను చూసిన లోకంలో సగం ఆయన వీపు, మిగతా సగం ఆయన కుడికాలు.

బొమ్మలాడించే దలాంగ్‌కి ఉన్న రెండు చేతులూ బొమ్మలకే సరిపోవు. అందుకని కుడికాలి వేళ్ల మధ్య చిన్న చెక్క సుత్తి ఇరికించుకుని, బొమ్మల పెట్టెకు వేలాడే ఇత్తడి పలకల మీద దానితో కొడతాడు. ఆ దెబ్బను బట్టే మేళం నడుస్తుంది. ఒంటిదెబ్బ పడితే పాట ఆపాలి, గబగబా పడితే యుద్ధం. కొత్తగా మేళంలో చేరినవాళ్లను మా ఆయన మొట్టమొదట కసిరే మాట ఒకటే, "నా వీపేం చూస్తారు, నా కాలు చూడండి" అని.

అలా చూస్తుండగానే ఒకనాడు ఆయన బొటనవేలికి, కూరల పొట్లానికి చుట్టే ఎర్ర రబ్బరు బ్యాండు కనిపించింది. నాకు నవ్వు ఆగలేదు. మా జావాలో కాలి బొటనవేలికి రబ్బరు బ్యాండు ఎందుకు కడతారో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. మాటిమాటికీ ఒంటికి వస్తుంటే, వెళ్లినా తీరుగా రాకపోతే, బొటనవేలు బిగించి కడితే అది ఆగిపోతుందని ఇక్కడి నమ్మకం. చిన్నప్పుడు మా అమ్మమ్మ నాకూ కట్టింది.

"ఎవరు కట్టారు?" అని ఇంటికొచ్చాక అడిగాను.

"జుంబాది చెప్పాడు," అన్నాడు ఆయన, కాలు లుంగీలోకి లాక్కుంటూ.

జుంబాది మా మేళంలో మద్దెల వాయించేవాడు, మా ఆయనకు బాల్యస్నేహితుడు. మద్దెల మీద అతని చేతికి ఎంత తెలివుందో వైద్యం విషయంలో నోటికి అంత లేదు. ఆ ఏడాదంతా పిల్లిమీసాల మొక్క ఆకులు కషాయం కాచి తాగమన్నాడు, మొక్కజొన్న పీచు మరిగించమన్నాడు, లేత కొబ్బరినీళ్లు పొద్దున్నే తాగమన్నాడు. అన్నీ తాగి మా ఆయన ఇంకా ఎక్కువగా పరుగెత్తాడు. తాగేది తాగుతూ, రాకుండా ఉండాలంటే ఎలా కుదురుతుందని నేనంటే, ఆడవాళ్లకు ఈ సంగతులు తెలియవన్నారు ఇద్దరూ.

నాకు తెలియక కాదు. రాత్రి పక్కమీంచి ఆయన ఎన్నిసార్లు లేస్తున్నాడో నాకు తెలుసు. పెరట్లో నిలబడి ఎంతసేపు ఎదురుచూస్తున్నాడో, వచ్చేది ఆగి ఆగి ఎలా వస్తోందో, తిరిగొచ్చి పడుకుని దుప్పటి కప్పుకోగానే మళ్లీ ఎలా లేస్తున్నాడో అన్నీ వింటూనే ఉన్నాను. సంగీతం చేసే చెవులు కదా, వద్దన్నా వింటాయి. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, చలి వల్ల అన్నాడు. ఆ ఏడు వరి కోతలయ్యాక మొదలైన చలి, మావైపు బెదిదింగ్ అంటారు దాన్ని, నిజంగానే ఎముకలు కొరికింది. ఆ చలికాలమే మా మేళానికి సుగ్గి. ఊరూరా ఊరి శుద్ధి పండగ చేసి, బొమ్మలాట పెట్టించేది అప్పుడే.

ఆ కాలం చివర్న వచ్చేది మా ఊరు సుంబెర్‌లేగి పండగ. అక్కడ ఆయన తాత ఆడించాడు, తండ్రి ఆడించాడు, ఆ తర్వాత ఆయన. సాయంత్రం పెట్టె తెరిచి కూర్చున్న దలాంగ్, తెల్లవారి చెట్టుబొమ్మ నిలబెట్టి ఆట ముగించేదాకా లేవకూడదు. పీట ఖాళీ అయితే ఊరి పంట ఖాళీ అవుతుందని పెద్దలంటారు. ఇన్నేళ్లలో మా ఆయన ఒక్కసారీ లేవలేదు. ఇప్పుడేమో గంటసేపు కుదురుగా కూర్చోవడం గగనమైపోయింది. మా ఊరి పెద్ద, లురా విగ్న్యొ, వీధిలో కనబడి, స్రాగెన్‌లో ఒక కుర్ర దలాంగ్ ఉన్నాడటగదా, రంగురంగుల దీపాలతో మూడు గంటల్లో ముగించేస్తాడటగదా అని ఊరికే అన్నట్టు అన్నాడు. జావా మనిషి ఊరికే ఏదీ అనడు.

"సొంత ఊళ్లో ఇంకొకడు ఆడిస్తే నేను పెట్టెకు తాళం వేస్తాను," అన్నాడు మా ఆయన ఆ రాత్రి.

ఆయన తాళం వేస్తే నా గెందేర్ కూడా అటకెక్కుతుంది. ఆ మాట ఆయనకు తోచలేదు.  నేనూ దలాంగ్ కూతురినే. చిన్నప్పుడు మా నాన్న ఒళ్లో కూర్చుని బొమ్మలు పట్టడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక ఆయన వెనక్కి జరిగి గెందేర్ ముందు కూర్చున్నాను. కథలో ఆయన మాట తడుముకుంటే వెనకనుంచి అందించేది ఇప్పటికీ నేనే.

పక్క ఊళ్లో పగటిపూట ఆట ఒకటి వచ్చింది. ముందురోజే ఆయనకు జలుబు పట్టుకుంది. ముక్కు బిగుసుకుపోతే పద్యం ఎత్తుకోవడం కష్టమని జుంబాది కొట్లోకి వెళ్లి జలుబు మాత్రలు తెచ్చాడు. మా ఆయన పొద్దున ఒకటి, ఆట ముందు ఒకటి వేసుకున్నాడు. మంచినీళ్లు ముట్టలేదు. రబ్బరు బ్యాండు రెండు చుట్లు అదనంగా బిగించాడు. వేలు వంకాయ రంగుకి తిరిగింది.

ఆట సగంలో రాజుగారు రాణిని ఓదార్చే ఘట్టం. మేళం మెల్లగా, నిద్రపుచ్చే పాట వాయిస్తోంది. అది ఆపమని ఒక దెబ్బ కొట్టాలి ఆయన. ఆ వేలికి స్పర్శ పోయింది కాబోలు, సుత్తి జారి పలకలమీద గడగడలాడింది. జుంబాది పాపం కాలినే చూస్తున్నాడు. గడగడ అంటే యుద్ధమే కదా అని మద్దెల దంచాడు. గాంగులు అందుకున్నాయి, తాళాలు అందుకున్నాయి. కన్నీళ్లు పెట్టుకున్న రాణికీ, ఓదారుస్తున్న రాజుకీ మధ్య మహాయుద్ధం ముంచుకొచ్చింది.

మా ఆయన అలాంటివాటికి తడబడే మనిషి కాదు. రాణి బొమ్మను ఒక్క ఊపున లేపి రాజుగారికి రెండు మొట్టికాయలు వేయించాడు. "కొత్త చీర అడిగి ఎన్నాళ్లయింది?" అని రాణిచేత అనిపించాడు. ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. ఆ ఊళ్లో ఆ ఘట్టం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు, అది కథలో ఉన్నదేననుకుని.

ఆట ముగిశాక ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా బునే, పొద్దుటినుంచి ఒక్కసారీ వెనక్కి వెళ్లలేదు. బ్యాండు పనిచేసింది," అన్నాడు. ఆయనకు నేను బునే, నాకు ఆయన పక్నే, మా ఇద్దరి పిలుపులవి. వెనక్కి వెళ్లడమంటే ఒంటికి వెళ్లడమని మా మేళం మర్యాదమాట. జుంబాది అయితే తానే ఆ బ్యాండు కనిపెట్టినంత పోజు పెట్టాడు.

అరగంట గడిచింది. వెనక్కి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే గోడకు తల ఆనించి నిలబడి ఉన్నాడు. చలిలోనూ చెమటలు కారుతున్నాయి.

"పక్నే, ఏమైంది?"

"రావడం లేదు. బ్యాండు తీసేశాను. అయినా రావడం లేదు."

పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా, బిగిసిన మద్దెలలా ఉంది. నాకు భయం వేసింది. కారు కోసం వెతికే ఓపిక లేక, వాయిద్యాలు ఎక్కించిన లారీలోనే పట్నం ఆసుపత్రికి బయల్దేరాం. మా ఆయన ముందుసీట్లో పళ్లు బిగించి కూర్చున్నాడు. రోడ్డంతా గుంతలు. ప్రతి గుంతకూ వెనకనుంచి పెద్దగాంగు 'గూంగ్' మంటుంది, ప్రతి 'గూంగ్'కూ మా ఆయన 'అమ్మా' అంటాడు. వెనక వాయిద్యాలు పట్టుకుని కూర్చున్న జుంబాదికి ముందు సంగతి తెలియదు. దారిలో జనం లేచి నిలబడి చూశారు, ఏదో ఊరేగింపు వస్తోందనుకుని.

ఆసుపత్రిలో డాక్టర్ మరియాని సిలాలహి ఉంది. సుమత్రా మనిషి, బతాక్ జాతి పిల్ల. మాటకు ముందూ వెనకా మెత్తలు వేయడం వాళ్లకు రాదు. కడుపు ఒక్కసారి తడిమి చూసి, సన్నటి గొట్టం తెప్పించి, దాని చివర సంచీ తగిలించి లోపలికి ఎక్కించింది. కాసేపటికి సంచీ నిండిపోయింది, ఆ వెంటనే ఇంకోటి. మా ఆయన మొహంలో అప్పుడు కనిపించిన సుఖం నేను ఆయనకు ఏనాడూ ఇవ్వలేదు. ఆ మాట ఆయనతో అంటే, నొప్పి తగ్గిన మనిషి కదా, నవ్వాడు.

డాక్టరమ్మ కళ్లు అప్పుడు ఆయన బొటనవేలి మీద పడ్డాయి. చుట్టూ గాడి పడి ఉంది. ఆమె దాన్నీ, తర్వాత నన్నూ చూసి, ప్రశ్నలు మొదలుపెట్టింది. రాత్రిళ్లు లేస్తారా? కొంచెం, అన్నాడు. ధార సన్నబడిందా? కొంచెం. వెళ్లొచ్చాక ఇంకా మిగిలినట్టుంటుందా? కొంచెం. ముక్కాల్సి వస్తుందా, వచ్చిందంటే ఆపుకోలేకపోతారా? కొంచెం, కొంచెం.

"పక్ దలాంగ్, మాది సుమత్రా. ఈ కొంచెం ఎంతో నాకు తెలీదు," అంది ఆమె.

అప్పుడిక నేను నోరు విప్పాను. ఏడాదిగా నా చెవులు విన్నదంతా వరసగా చెప్పాను. ధార ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగి మళ్లీ ఎత్తుకుంటుందో కూడా చెప్పాను. మా ఆయన గోడ వైపు తిరిగిపోయాడు. డాక్టరమ్మ మాత్రం, ఇంత బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదంది. ఏమేం మందులు వేసుకున్నారని అడిగితే జుంబాది బయటినుంచి వచ్చి జలుబు మాత్రల అట్ట చూపించాడు. దాన్ని చూసి ఆమె తల పట్టుకుంది.

తర్వాత చేతితొడుగు వేసుకుని, మా ఆయన్ని పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకోమంది. నన్ను బయటికి పొమ్మని ఆయన కళ్లతోనే బతిమాలాడు. తలుపు తెరిచేసరికి ఆయన లుంగీ సర్దుకుని, యుద్ధంలో ఓడిన సేనాపతిలా కూర్చుని ఉన్నాడు. పోలిక నాది కాదు, ఆయనే అన్నాడు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మూత్రసంచి మెడ చుట్టూ ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుందట. వయసు మీదపడ్డ మగవాళ్లలో అది పెరిగి దారిని నొక్కుతుందట. అది చాలదన్నట్టు జలుబు మాత్ర ఆ మెడను ఇంకా బిగించేసింది.

"బ్యాండు మీ వేలికి కాదు, లోపల పడింది. అక్కడిది వదులు చెయ్యాలి," అంది.

మా ఆయన నేలకేసి చూస్తూ, లోపల చెడ్డదేమైనా ఉందా అన్నాడు. ఆ ప్రశ్న ఏడాదిగా ఆయన లోపల ఉందని నాకు అప్పుడు తెలిసింది. చలి, కషాయం, బ్యాండు, అన్నీ దాన్ని అడక్కుండా ఉండటానికే.  చేతికి నున్నగానే తగిలిందనీ, గడ్డలేవీ లేవనీ, గొట్టం ఉండగా రక్తపరీక్ష చేస్తే తప్పు చూపిస్తుంది గనక అది కొన్ని వారాలాగి చేద్దామనీ ఆమె చెప్పింది. ఆ తర్వాత చేశారు కూడా, భయపడాల్సిందేమీ లేదని తేలింది.

రెండు రకాల మాత్రలు రాసింది. ఒకటి మెడను వదులు చేసేది, రాత్రి భోజనం తర్వాత వేసుకోవాలి, లేచేటప్పుడు కళ్లు తిరగొచ్చు గనక నెమ్మదిగా లేవాలి. రెండోది గ్రంథిని కుదించేది, దాని గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. పొద్దువాలాక కాఫీ, టీ తగ్గించాలి. జలుబు మాత్రల జోలికి పోకూడదు. కొద్దిరోజులకు మళ్లీ వెళితే గొట్టం తీసి, చేతికి ఒక జగ్గు ఇచ్చి లోపలికి పంపారు. నేను వరండాలో కూర్చుని చెవులు రిక్కించాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆగకుండా, తెగకుండా, ఒకటే ధార. నా జన్మలో అంత మంచి సంగీతం వినలేదు. కడుపు స్కాన్ చేసి లోపల మిగిలింది తక్కువేనన్నారు.

అంతా బాగుందనుకుంటుండగా డాక్టరమ్మ అసలు మాట చెప్పింది. రాత్రంతా బిగపట్టుకుని కూర్చుంటే మళ్లీ మొదటికొస్తుంది, మధ్యలో లేచి వెళ్లాల్సిందే అని.

"దలాంగ్ లేవడు," అన్నాడు మా ఆయన.

"మూత్రసంచికి ఆ సంగతి తెలీదు కదా," అంది ఆమె.

ఇంటికొచ్చి ఆయన బొమ్మల పెట్టె ముందు కూర్చున్నాడు. మూత తెరవలేదు. లురా విగ్న్యొ వచ్చేదాకా అలాగే గడిచాయి రోజులు.

లురా చెప్పులు బయట విడిచి, చాపమీద కూర్చుని, టీ తాగి, వర్షాల సంగతి మాట్లాడి, ఎరువుల సంగతి మాట్లాడి, చివరికి పండగ దగ్గర పడిందన్నాడు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. స్రాగెన్ కుర్రాణ్ని పిలిపించుకోండి అనబోతున్నాడని ఆయన భుజాలు చూస్తేనే తెలిసిపోయింది నాకు. నేను అడ్డుపడి, రాత్రంతా మేమే ఆడిస్తాం, హాస్యం ఘట్టం దగ్గర మాత్రం ఆయన ఒకసారి వెనక్కి వెళ్లొస్తారు అన్నాను.

లురా మొహం మాడ్చుకున్నాడు. "దలాంగ్ లేవడమంటే, అమ్మా... ఊళ్లో పెద్దలు ఏమంటారో. పీట ఖాళీ అయితే..."

ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోయడానికి వంగాను నేను. అప్పుడు కనిపించింది. లురా గారి కుడికాలి బొటనవేలికి పచ్చ రబ్బరు బ్యాండు.

నేను దానికేసి చూశాను. ఆయన నాకేసి చూశాడు. మెల్లగా కాలు లుంగీ కిందికి లాక్కున్నాడు. 

"అయినా," అన్నాడు లురా గ్లాసు కింద పెడుతూ, "మధ్యలో కాస్త విరామం ఉంటే చూసేవాళ్లకూ సుఖమే. పెద్దలకు నేను చెబుతాను."

పండగనాడు ఆయన మాత్రలు ముందే వేసుకున్నాడు, టీ మానేశాడు. ఆట ఎప్పటికంటే బాగా సాగింది. అర్ధరాత్రి దాటాక హాస్యం ఘట్టం వచ్చింది. అప్పటికి ఆయన వీపు బిగుసుకోవడం గమనించాను. బొజ్జ విదూషకుడి బొమ్మను తెర కింద పరిచిన అరటిబోదెకు గుచ్చి నిలబెట్టాడు. పాట ఎత్తుకోమన్నాడు. కానీ లేవలేదు. జనమంతా ఆయనకేసే చూస్తున్నారు, ముందువరసలో పెద్దలు ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. పీట ఖాళీ చేయడం ఆయన వల్ల కావడం లేదు. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది.

ఆయన వెనక్కి తిరిగాడు. కాలి వేళ్ల మధ్యనుంచి చెక్క సుత్తి తీసి నాకేసి చాపాడు.

"బునే, కాస్త కూర్చో."

అంతే అన్నాడు. నేను గెందేర్ కర్రలు పక్కన పెట్టి, ఆయన నెమ్మదిగా లేస్తుంటే పక్కనుంచి జరిగి పీటమీద కూర్చున్నాను. పీట వెచ్చగా ఉంది. విదూషకుణ్ని చేతిలోకి తీసుకున్నాను. మా నాన్న ఒళ్లో నేర్చుకున్న పట్టు వేళ్లకు ఇంకా గుర్తుంది.

"మా అయ్యగారు ఇప్పుడే వెళ్లారు," అన్నాను బొజ్జవాడి గొంతుతో. "ఎక్కడికంటారా? ఇక్కడున్న పెద్దలందరూ ఇందాకటినుంచి వెళ్లాలనుకుంటున్నారే, అక్కడికే."

 ముందువరసలో లురా విగ్న్యొ లేచాడు. లుంగీ సవరించుకుని, గంభీరంగా, మా ఆయన వెళ్లినవైపే నడిచాడు. ఆ వెంట ఇంకొక ముసలాయన లేచాడు, ఆ వెంట ఇంకొకాయన. చూస్తుండగానే ముందువరస ముందువరసంతా ఖాళీ అయింది. జనం నవ్వు పొలాలదాకా వినిపించి ఉంటుంది. తెర వెనక వరస కట్టి నిలబడ్డ పెద్దలకు మా ఆయన డాక్టరమ్మ పేరు, ఆసుపత్రి వేళలు చెప్పాడని తర్వాత తెలిసింది. జలుబు మాత్రల మీద ఉపన్యాసం కూడా ఇచ్చాడట.

ఆయన తిరిగొచ్చేసరికి విదూషకుడికీ వాడి పెళ్లానికీ తగవు పెట్టి ఉన్నాను. లేవబోయాను. వెనకనుంచి నా భుజంమీద చెయ్యి పడింది.

"కానీ, నువ్వే కానీ," అన్నాడు మా ఆయన నా చెవిలో. "ఈ ఘట్టం నీకు బాగా కుదిరింది. నాకు మళ్లీ వెళ్లాల్సొస్తుందేమో కూడా."

వెళ్లి నా గెందేర్ ముందు కూర్చున్నాడు.  ఇన్నేళ్లూ అది అడగాలని కూడా తోచలేదు నాకు, ఇవ్వాలని ఆయనకూ తోచలేదు. ఆ తర్వాత మా ఇద్దరి పేర్లూ వేసి పిలవడం మొదలుపెట్టారు ఊళ్లవాళ్లు. సగం రాత్రి ఆయన, సగం రాత్రి నేను. కానీ అదంతా తర్వాతి సంగతి. అప్పటికైతే వేళ్ల మధ్య సుత్తి బిగించి, పాట ఆపమని ఒక దెబ్బ కొట్టాను. మేళమంతా ఆగింది. గెందేర్ ఒక్కటీ ఆగకుండా మోగుతూనే ఉంది.

నేను వెనక్కి తిరగలేదు.

"నా వీపేం చూస్తారు, నా కాలు చూడండి," అన్నాను.